పళ్లకు క్లిప్పులు ఉన్నన్నాళ్లూ నోటిలోని బ్యాక్టీరియాను అదుపులో ఉంచుకోవడం ఎలా?

"క్లిప్పులు పెట్టించిన దగ్గర నుంచి నోరు వాసన వస్తోంది." "బ్రష్ చేస్తే చాలు, రక్తం వస్తోంది." "క్లిప్పులు తీసేశాక పళ్ల మీద తెల్ల మచ్చలు మిగిలాయి, ఇవి పోతాయా?" ఎత్తుపళ్లు, వంకరపళ్లు సరిచేయించుకుంటున్నవారూ వారి తల్లిదండ్రులూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఈ మూడే. మూడింటికీ మూలం ఒక్కటే. క్లిప్పు పంటిని పాడుచేయదు, క్లిప్పు చుట్టూ చేరి కదలకుండా ఉండిపోయే పాచి పాడుచేస్తుంది. కాబట్టి ఏ పేస్టు మంచిది, ఏ మౌత్‌వాష్ మంచిది అని వెతకడం కన్నా, క్లిప్పుకూ చిగురుకూ మధ్య మిగిలే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని పట్టీని రోజూ ఎలా శుభ్రం చేసుకోవాలో నేర్చుకోవడం ముఖ్యం. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ పట్టీ గురించే అనుకున్నా తప్పులేదు.

నోటిలో ఏం మారుతుంది?

మనుషుల నోళ్లలో 700కు పైగా జాతుల బ్యాక్టీరియాను శాస్త్రవేత్తలు గుర్తించారు. వాటిలో చాలావరకు మనకు హాని చేయనివే, కొన్ని మేలు చేసేవి కూడా. క్లిప్పులు పెట్టగానే బయటి నుంచి కొత్త క్రిములేవో వచ్చి పడవు, ఉన్నవాటి పాళ్లే మారతాయి. పంటికి అంటించే చిన్న ముక్కను బ్రాకెట్ అంటారు. ఒక్కో బ్రాకెట్‌కు రెక్కలు ఉంటాయి, మధ్యలో గాడి ఉంటుంది, ఆ గాడిలో తీగ, తీగను పట్టి ఉంచే రబ్బరు రింగు ఉంటాయి. మామూలు రోజుల్లో పెదవులూ బుగ్గలూ రాసుకుంటూ, లాలాజలం కడుగుతూ ఉండే పంటి ముఖం ఇప్పుడు వీటి చాటున పడిపోతుంది. ఆ చాటున చక్కెరను ఆమ్లంగా మార్చే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, లాక్టోబాసిలస్ రకాలు పెరుగుతాయి. చిగురు అంచున గాలి తగలని చోట బతికే రకాలు పెరిగి చిగుళ్ల వాపు తెస్తాయి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచి లోపలి పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 5.5 కన్నా కిందికి దిగుతుంది, అప్పుడు పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని తిరిగి మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది.

తెల్ల మచ్చ కంటికి కనిపించడానికి ఏళ్లు అక్కరలేదు. పాచి కదలకుండా ఉంటే దాదాపు 4 వారాలు చాలు. అంటే మీరు ఒకసారి వైర్ మార్పించుకుని, మళ్లీ వైద్యుడి దగ్గరకు వెళ్లేలోపే మచ్చ మొదలైపోవచ్చు.

చిగుళ్ల విషయంలో మాత్రం ధైర్యంగా ఉండవచ్చు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో అనే వైద్యుడి బృందం 12 మందిని కొన్నాళ్లపాటు పళ్లు తోముకోవద్దని చెప్పి గమనించింది. అంతా ఆరోగ్యంగా ఉన్నవారే. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి, తిరిగి తోముకోవడం మొదలుపెట్టిన వారం రోజుల్లోపే చాలావరకు తగ్గిపోయాయి. క్లిప్పులు ఉన్నప్పుడు ఇంకొన్ని రోజులు ఎక్కువ పట్టవచ్చు గాని, దారి మాత్రం ఇదే.

కావలసిన వస్తువులు

మెత్తని కుచ్చు, చిన్న తల ఉన్న బ్రష్ ఒకటి. మధ్యలో గాడిలా పల్లంగా కత్తిరించిన ఆర్థోడాంటిక్ బ్రష్ దొరికితే తీసుకోండి, దొరకకపోతే మామూలు మెత్తని బ్రష్‌తోనే పని జరుగుతుంది. "హార్డ్" అని రాసి ఉన్నది మాత్రం వద్దు.

సీసాలు కడిగే బ్రష్‌ను బాగా చిన్నది చేసినట్టుండే ఇంటర్‌డెంటల్ బ్రష్. ఇది తప్పనిసరి, దీనికి బదులు ఇంకొకటి చెప్పలేను. రెండు మూడు సైజులు ఉంటాయి. తీగ కిందికి కొద్దిగా బిగువుగా దూరేది మీ సైజు. నెట్టి దూర్చవలసి వస్తే అది పెద్దది, ఎక్కడా తగలకుండా జారిపోతే చిన్నది.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఫ్లోరైడ్ ఎంత పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) ఉందో రాసి ఉంటుంది, 1000 ఉండేలా చూసుకోండి. మూలికల పేరుతో అమ్మే పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. క్లిప్పులు లేనప్పుడు అది మీ ఇష్టం, క్లిప్పులు ఉన్నప్పుడు మాత్రం ఫ్లోరైడ్ లేని పేస్టు వాడవద్దని గట్టిగా చెబుతాను.

పాచికి రంగు పట్టించే ద్రావణం లేదా బిళ్లలు. పళ్ల వైద్యుడి దగ్గర గాని, ఆన్‌లైన్‌లో గాని దొరుకుతాయి. దొరకకపోతే వంటల్లో వేసే ఎరుపు రంగు రెండు మూడు చుక్కలు కొద్దిగా నీటిలో కలిపి పుక్కిలించినా పాచి ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది.

ఒక అద్దం, ఫోను టార్చి. తీగ కిందుగా దూర్చేందుకు కొస గట్టిగా ఉన్న ఫ్లాస్ దారం. నీటిని చిమ్మే వాటర్ ఫ్లాసర్ కొనగలిగితే మంచిదే, అన్నం మెతుకులూ కూర పీచులూ సులువుగా వదులుతాయి. అయితే పంటికి అంటుకున్న పాచిని అది ఒక్కటే పూర్తిగా తీయలేదు, ముందు డబ్బు ఇంటర్‌డెంటల్ బ్రష్‌ల మీద పెట్టండి.

క్లిప్పులు పెట్టించుకోకముందే చేయవలసినవి

1. గార తీయించుకోండి, పిప్పి పళ్లు ఉంటే సిమెంటు పెట్టించుకోండి. బ్రష్ చేసినప్పుడు రక్తం వచ్చే చిగుళ్లతో క్లిప్పుల వైద్యం మొదలుపెట్టవద్దు. వైద్యుడు రెండు వారాలు ఆగమంటే ఆయన మీ మేలు కోరి చెబుతున్నట్టే. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారు, గతంలో గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు, మధుమేహం ఉన్నవారు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. వెనక పళ్లకు బ్యాండు (పంటి చుట్టూ తొడిగే లోహపు పట్టీ) తొడిగేటప్పుడు చిగురు నుంచి రక్తం వస్తే నోటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది, కొందరికి ముందుజాగ్రత్తగా మందు అవసరమవుతుంది.

2. పళ్లను పగటి వెలుతురులో ఫొటో తీసి ఉంచుకోండి. పెదవులు పక్కకు లాగి ఎదురుగా ఒకటి, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. నల్గొండ, ప్రకాశం జిల్లాల వంటి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాలలో పెరిగినవారికి ఇది మరీ ముఖ్యం. ఫ్లోరోసిస్ వల్ల వచ్చే తెల్ల చారలు, గోధుమ మచ్చలు పన్ను మొలిచినప్పటి నుంచే ఉంటాయి, సాధారణంగా కుడి ఎడమల ఒకే జత పళ్ల మీద ఒకే తీరుగా కనిపిస్తాయి. బ్యాక్టీరియా ఆమ్లం వల్ల వచ్చే మచ్చ బ్రాకెట్ అంచును ఆనుకుని, చిగురు వైపు నెలవంకలా కొత్తగా వస్తుంది. మునుపటి ఫొటో లేకపోతే రెండేళ్ల తరువాత ఏది పాతదో ఏది కొత్తదో మీరూ తేల్చుకోలేరు, మీ వైద్యుడూ తేల్చలేరు.

ఈ ప్రాంతాలవారు "మాకు అసలే ఫ్లోరైడ్ ఎక్కువ, మళ్లీ ఫ్లోరైడ్ పేస్టా?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే. పంటికి ఫ్లోరోసిస్ వచ్చేది ఆ పన్ను దవడలో తయారవుతున్న రోజుల్లోనే, నోట్లోకి వచ్చేసిన పంటికి కొత్తగా రాదు. పేస్టును మింగకుండా ఉమ్మేసే వయసు వచ్చినవారు నిస్సంకోచంగా వాడవచ్చు.

రోజూ శుభ్రం చేసుకునే పద్ధతి

రాత్రి పడుకునే ముందు చేసేది అన్నిటికన్నా ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, బ్యాక్టీరియాకు అడ్డుచెప్పేవారు ఉండరు. కింద చెప్పిన ఏడు అంచెలూ రాత్రి పూట తప్పక చేయండి. ఉదయం 6వ అంచె వదిలినా ఫరవాలేదు. మధ్యాహ్నం బడిలోనో ఆఫీసులోనో ఉంటే నీళ్లు పుక్కిలించి, అద్దం ముందు ఇంటర్‌డెంటల్ బ్రష్ ఒకసారి తిప్పుకుంటే సరిపోతుంది.

1. పై పళ్లకూ కింది పళ్లకూ కలిపి తగిలించుకునే ఎలాస్టిక్ రబ్బర్లు ఉంటే తీసి పక్కన పెట్టండి. నోటినిండా నీళ్లు పోసుకుని, బుగ్గలు అదిరేలా నాలుగైదుసార్లు గట్టిగా పుక్కిలించి ఉమ్మేయండి. మెతుకులు పోతేనే బ్రష్ పాచి దాకా చేరుతుంది.

2. బ్రష్‌ను చిగురుకూ బ్రాకెట్‌కూ మధ్య ఆనించి, కుచ్చు కొసలు చిగురు వైపుకు 45 డిగ్రీల వాలులో ఉండేలా పట్టుకోండి. చిన్నచిన్న కదలికలతో, ఉన్నచోటనే వణికించినట్టుగా, ఒక్కో పంటి దగ్గర పదిసార్లు కదపండి. గబగబా అడ్డంగా రుద్దితే కుచ్చు బ్రాకెట్ల మీద గెంతుకుంటూ పోతుంది, పాచి ఉన్నచోటనే ఉంటుంది.

3. ఇప్పుడు బ్రష్‌ను తీగకు పైనుంచి కిందికి వంచి బ్రాకెట్ పై అంచునూ, తరువాత తీగకు కిందినుంచి పైకి వంచి కింది అంచునూ తోమండి. ఒకే బ్రాకెట్‌ను రెండు వైపుల నుంచీ పలకరించాలి. కోర పన్ను దగ్గర దంతాల వరుస వంపు తిరుగుతుంది, అక్కడ బ్రష్ కోణం మార్చకుండా పోవడం చాలామందికి అలవాటు. ఆ ఒక్క పంటి దగ్గర ఆగి, బ్రష్‌ను నిలువుగా పట్టి తోమండి.

4. ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను తీగ వెనక నుంచి పైనుంచి కిందికి దూర్చి, బ్రాకెట్ ఎడమ గోడను మూడుసార్లు, కుడి గోడను మూడుసార్లు రుద్దండి. ఆ తరువాత కిందినుంచి పైకి అలాగే. మొదటి వారం ఇది పావుగంట పడుతుంది, విసుగొస్తుంది. రెండు వారాలకు చేతికి వచ్చేస్తుంది, మొత్తం పని ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. దీనికి పేస్టు అక్కరలేదు. ఈ బ్రష్ కమ్మి వంగినా, కుచ్చు రాలినా దాన్ని పారేసి కొత్తది తీసుకోండి, లోపలి ఇనుప కమ్మి చిగురును గీస్తుంది.

5. పళ్ల లోపలి వైపు, నమిలే వైపు మామూలుగా తోమి, నాలుక బద్దతో నాలుకను రెండు మూడుసార్లు మెల్లగా గీయండి. నోటి వాసనకు సగం కారణం నాలుక వెనక భాగంలోనే ఉండవచ్చు. క్లిప్పుల మీదే ధ్యాస పెట్టి దాన్ని మరిచిపోతుంటారు.

6. ఫ్లాస్ దారం గట్టి కొసను తీగ కిందుగా దూర్చి, రెండు పళ్ల మధ్యకు దింపి, ఒక్కో పంటి గోడకు ఆనించి పైకీ కిందికీ రుద్దండి. రోజూ అన్ని పళ్లకూ చేయలేకపోతే రోజుకొక దవడ చొప్పున చేయండి. అసలు మానేయడం కన్నా అది ఎంతో నయం.

7. పేస్టు నురగను ఉమ్మేయండి, ఆపై చెంబెడు నీళ్లతో పుక్కిలించకండి. నోటిలో మిగిలిన కొద్దిపాటి ఫ్లోరైడ్ రాత్రంతా పంటి మీద పనిచేయాలి. మనకు చిన్నప్పటి నుంచి నోరు తెల్లగా కడిగేసుకునే అలవాటు ఉంది కాబట్టి ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది. అంతగా ఉండలేకపోతే ఒక్క గుక్క నీటితో ఆపేయండి. మీ వైద్యుడు 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న మౌత్‌వాష్ రాసి ఉంటే ఆఖరున దానితో ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి. ఆ తరువాత అరగంట దాకా మంచినీళ్లు కూడా తాగవద్దు.

హెచ్చరిక: నిమ్మరసం, కూల్‌డ్రింకు, చింతపండు పానకం వంటి పులుపు తాగిన వెంటనే బ్రష్ చేయకండి. ఆమ్లానికి మెత్తబడిన పైపొరను బ్రష్ అరగదీస్తుంది. నీళ్లు పుక్కిలించి అరగంట ఆగండి.

తిండి విషయం

తీపి ఎంత తిన్నారన్నది ఒక లెక్క, ఎన్నిసార్లు తిన్నారన్నది ఇంకొక లెక్క. బ్యాక్టీరియాకు రెండోదే ముఖ్యం. భోజనంతో పాటు ఒక సున్నుండ తిని నోరు కడుక్కున్నవారికన్నా, మధ్యాహ్నమంతా కప్పు పక్కన పెట్టుకుని చక్కెర టీని గుక్కగుక్కగా తాగేవారి పళ్లే ఎక్కువసేపు ఆమ్లంలో నానుతాయి. రోజుకు రెండు టీలకు పరిమితం కండి, తాగినప్పుడు ఒకేసారి తాగేయండి, వెంటనే నీళ్లు పుక్కిలించండి.

జీళ్లు, పల్లీపట్టీ, బెల్లం పాకం పట్టినవి రెండు విధాలా చెడ్డవి. అవి బ్రాకెట్ రెక్కల కింద ఇరుక్కుని గంటల తరబడి కరుగుతూ బ్యాక్టీరియాను మేపుతాయి, పైగా బ్రాకెట్‌ను ఊడగొడతాయి. ఊడిన ప్రతిసారీ వైద్యం వెనక్కి జరుగుతుంది, క్లిప్పులు నోట్లో ఉండే కాలం పెరుగుతుంది, పళ్లకు ముప్పు కూడా అంతే పెరుగుతుంది. సంక్రాంతికి చెరకు ముక్కలు నమలడం, ఆవకాయలో టెంక కొరకడం, జామకాయను ముందుపళ్లతో కొరకడం ఈ ఒకటి రెండేళ్లు మానుకోండి. జామకాయను సన్నగా కోసుకుని వెనకపళ్లతో నమలవచ్చు. చేగోడీలు, గట్టి జంతికలు కూడా వద్దు. అరిసెను చిన్న తునకలు చేసుకుని భోజనంతో పాటు తినండి, ఆ పూట ఇంటర్‌డెంటల్ బ్రష్ తప్పకండి.

సరిగ్గా శుభ్రమైందో లేదో చూసుకోవడం

నాలుకతో తడిమి నున్నగా ఉందనుకోవడం పరీక్ష కాదు. క్లిప్పుల మధ్యకు నాలుక చేరదు. వారానికొకసారి, బ్రష్ చేయడం పూర్తయిన తరువాత, రంగు పరీక్ష చేయండి. పెదవులకు కొద్దిగా వాజిలిన్ రాసుకుంటే రంగు అంటదు. ద్రావణాన్ని దూదితో పళ్లకు అద్ది గాని, బిళ్లను నమిలి నాలుకతో పళ్లన్నిటికీ రాసి గాని, ఒక్కసారి నీళ్లు పుక్కిలించి అద్దంలో టార్చి వేసి చూడండి. పాచి ఉన్నచోట గులాబీ రంగు నిలుస్తుంది.

ఈ మధ్య ఒక ఇంటర్ విద్యార్థిని నా ఎదుటే అయిదు నిమిషాలు శ్రద్ధగా తోముకుంది, తల్లి పక్కనే ఉంది. రంగు వేసి చూపించాం. బ్రాకెట్ల మీద, పంటి కొసల మీద ఒక్క చుక్క లేదు. కాని పై దవడలో కోర పన్ను మీదా దాని ముందున్న చిన్న పన్ను మీదా చిగురును ఆనుకుని గోరంత గులాబీ నెలవంక. ఇంటర్‌డెంటల్ బ్రష్ ఇచ్చి అక్కడ నాలుగుసార్లు తిప్పమన్నాను, అది పోయింది. ఆ అమ్మాయి అద్దం దించకుండా, "ఇన్నాళ్లూ ఇక్కడికి నేను రానే లేదు సార్" అంది. తెల్ల మచ్చలు ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ చోట్లలోనే. మీకు కూడా మొదటిసారి నెలవంకలు కనిపిస్తాయి, బాధపడకండి. రంగు పోయేదాకా తోమండి, మరుసటి వారం అదే చోట ముందుగా మొదలుపెట్టండి.

చిగుళ్లను చూసేటప్పుడు రంగును నమ్ముకోకండి. మనలో చాలామందికి చిగుళ్లు పుట్టుకతోనే గోధుమ రంగులోనో నల్లగానో ఉంటాయి, "గులాబీ రంగులో ఉండాలి" అన్న కొలత వారికి పనికిరాదు. చిగురు అంచు పలుచగా, పంటికి అతుక్కుని ఉందా, లేక ఉబ్బి మెరుస్తూ ఉందా అన్నది చూడండి. పళ్ల మధ్య కోణంగా ఉండవలసిన చిగురు బుడిపెలా గుండ్రంగా తయారైతే వాపు ఉన్నట్టే. తోమినప్పుడు ఉమ్ములో ఎర్రచార కనిపించినా అంతే.

తెల్ల మచ్చ కోసం 15 రోజులకొకసారి చూసుకోండి. తడిగా ఉన్న పంటి మీద మొదటి దశ మచ్చ కనిపించదు. పెదవి పైకెత్తి, దూదితో తుడిచి, అర నిమిషం పన్ను ఆరనివ్వండి. అప్పుడు బ్రాకెట్ పక్కన సుద్దముక్క గీసినట్టు తెల్లగా, మెరుపు లేకుండా కనిపిస్తే అది ఇప్పుడు జరుగుతున్న కరుగుదల. నున్నగా మెరుస్తూ ఉంటే అది ఆగిపోయిన పాత మచ్చ కావచ్చు. సూదితోనో పిన్నీసుతోనో గీకి చూడకండి, అడుగున మెత్తబడిన ఎనామిల్ విరిగి గుంట పడుతుంది. ఫొటో తీసి వైద్యుడికి చూపించండి. తొలిదశలో ఆయన ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు, అవసరమైతే 5000 పీపీఎం పేస్టు రాస్తారు. ఆ పేస్టును సొంతంగా కొని వాడకూడదు, పిల్లలకు అందేలా పెట్టకూడదు.

అందరూ చేసే పొరపాట్లు

రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రక్తం వచ్చేది బ్రష్ తగిలి కాదు, అక్కడ పాచి ఉండి చిగురు వాచినందువల్ల. మెత్తని బ్రష్‌తో అక్కడే ఇంకొంచెం ఓపికగా తోమండి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు సరిగ్గా చేసినా తగ్గకపోతే గార గట్టిపడి ఉంటుంది, అది ఇంట్లో పోదు, క్లీనింగ్ చేయించుకోవాలి.

మౌత్‌వాష్ మీద భారం వేయడం రెండోది. పాచి అంటే ఒకదానికొకటి అంటుకుని జిగురు కప్పుకుని కూర్చున్న బ్యాక్టీరియా గుంపు. పైన పోసిన మందు పై వరుసకు తగిలి ఆగిపోతుంది, ముందు బ్రష్ ఆ జిగురును చెదరగొట్టాలి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ నిజంగా బలమైనదే, చిగుళ్లు బాగా వాచినప్పుడు వైద్యులు రాస్తారు. కాని వైద్యుడు చెప్పకుండా రెండు వారాలు దాటి వాడితే పళ్లకు గోధుమ మరకలు పడతాయి, నాలుకకు రుచి తప్పుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే పేస్టులోని నురగ పదార్థం దాన్ని పనిచేయనివ్వదు, అరగంట ఎడం ఉండాలి.

రబ్బరు రింగులు పసుపుపచ్చగా మారాయని కంగారుపడి గంటసేపు రుద్దేవారు ఉన్నారు. అది పప్పులోని పసుపు, బ్యాక్టీరియా కాదు. ఎంత తోమినా పోదు, వచ్చేసారి రింగులు మార్చినప్పుడు పోతుంది. రంగు కనిపించకూడదంటే తెల్లవి, పారదర్శకమైనవి కాక ముదురు రంగు రింగులు అడగండి. పాచి ఎక్కువగా పట్టే నోరైతే రబ్బరుకు బదులు సన్నని స్టీలు తీగతో కట్టడం కుదురుతుందేమో కూడా అడగవచ్చు.

వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పు, పళ్లపొడి క్లిప్పులు ఉన్నవారికి పనికిరావు. వేపపుల్ల పీచు తీగల్లో చిక్కుకుంటుంది, నొక్కితే బ్రాకెట్ ఊడుతుంది. గరుకు పొడులు ఎనామిల్‌ను అరగదీస్తాయి, రింగుల మధ్య పేరుకుపోతాయి. నువ్వుల నూనె పుక్కిలించడం మీకు అలవాటైతే పొద్దున మానుకోనక్కరలేదు, కాని దాన్ని బ్రష్ లెక్కలో వేయకండి.

వైద్యుడి దగ్గరకు వెళ్లే రోజు పొద్దున మాత్రం మెరిసేలా తోముకుని వెళ్లడం వల్ల ఆయన మోసపోరు. ముందు రోజుల పాచి అంతా చిగురు వాపులో రాసి ఉంటుంది. వాపు మరీ ఎక్కువగా ఉంటే తీగ తీసేసి, చిగురు తగ్గేదాకా వైద్యం ఆపుతారు. అది శిక్ష కాదు, వాచిన చిగురు మధ్య పళ్లను లాగితే పంటిని పట్టి ఉంచే ఎముకకే నష్టం.

వాపు తగ్గడానికి యాంటీబయాటిక్ మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకోవడం అసలే వద్దు. పంటి మీద జిగురు కప్పుకున్న పాచిని మాత్ర తీయలేదు. మేలు చేసే బ్యాక్టీరియా పోతుంది, మిగిలినవి మందుకు లొంగకుండా తయారవుతాయి.

వెంటనే వైద్యుడికి చూపించవలసినవి

వెనక పంటి బ్యాండు లోపలి సిమెంటు వదిలి, నమిలినప్పుడు కదులుతున్నట్టు గాని, ఆ వైపు నుంచి ఏదో చెడు రుచి వస్తున్నట్టు గాని అనిపిస్తే వాయిదా దాకా ఆగవద్దు. బ్యాండు కింద చేరిన బ్యాక్టీరియాను మీరు చూడలేరు, బ్రష్ చేరదు. నొప్పి వచ్చేసరికి పన్ను చుట్టూ పుచ్చిపోయి ఉంటుంది. చిగురు పెరిగి బ్రాకెట్‌ను కప్పేస్తున్నా, చీము కనిపించినా, ముఖం వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు వెళ్లండి.

క్లిప్పులకు బదులు అలైనర్లు వాడుతుంటే

తీసి పెట్టుకునే పారదర్శకమైన అలైనర్లతో పళ్లు తోముకోవడం సులువు, ఆ మేరకు పాచి తక్కువగా ఉండవచ్చు. అయితే ఇందులో ఉన్న ప్రమాదం వేరు. రోజుకు 20 నుంచి 22 గంటలు పళ్లను మూసి ఉంచే ఆ తొడుగు లోపలికి లాలాజలం సరిగ్గా రాదు. అది పెట్టుకుని కాఫీ గాని, కూల్‌డ్రింకు గాని తాగితే చక్కెర లోపల చిక్కుకుని పళ్లన్నిటినీ ఒకేసారి నానబెడుతుంది. పెట్టుకున్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఇంకేమీ తాగకండి. తిన్న తరువాత తోముకుని పెట్టుకోండి, వీలుకాకపోతే కనీసం పుక్కిలించి పెట్టుకోండి. అలైనర్‌ను ఉదయం, రాత్రి మెత్తని బ్రష్‌తో చల్లని నీటిలో తోమండి. వేడినీళ్లు తగిలితే ఆకారం మారి పళ్లకు పట్టదు. పేస్టుతో రుద్దితే సన్నని గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్లీ బ్యాక్టీరియా చేరుతుంది, కాబట్టి వాసనలేని ద్రవ సబ్బు ఒక చుక్క చాలు.

క్లిప్పులు తీసేసిన తరువాత

బ్రాకెట్లు పోయాక పెరిగిన బ్యాక్టీరియా కొద్ది నెలల్లో చాలావరకు పాత పాళ్లకు చేరుకుంటుంది. తెల్ల మచ్చలు కూడా మొదటి ఆరు నెలల్లో లాలాజలంలోని ఖనిజంతో కొంత తగ్గుతాయి. అందుకే క్లిప్పులు తీసిన వారానికే పళ్లు తెల్లబరచే వైద్యానికి పరుగెత్తవద్దు, మామూలు ఫ్లోరైడ్ పేస్టుతో ఆగి చూడండి. ఆరు నెలల తరువాత కూడా కొట్టొచ్చినట్టు కనిపించే మచ్చలకు వేరే వైద్యాలు ఉన్నాయి.

సరిచేసిన పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచేది రిటైనర్. తీసి పెట్టుకునే రిటైనర్‌కు అలైనర్ జాగ్రత్తలే వర్తిస్తాయి. పొద్దున తీసిన వెంటనే, ఎండకముందే తోమండి. తెల్లటి పొర ఎండి గట్టిపడితే కట్టుడు పళ్లకు వాడే శుభ్రపరచే బిళ్ల వేసిన నీటిలో, దాని మీద రాసినంతసేపు నానబెట్టి కడిగేయండి. రిటైనర్‌గా కింది ముందుపళ్ల వెనక అంటించిన సన్నని తీగ ఉన్నవారు మాత్రం ఇంకాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. నాలుక కింద లాలాజలం ఊరే రంధ్రాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి, అందుకే గార అందరికీ అన్నిటికన్నా ముందు పట్టేది ఆ పళ్ల వెనకనే. తీగ కిందుగా ఫ్లాస్ దారం రోజూ ఒకసారి దూర్చండి. చిన్న అద్దం నాలుక మీద పెట్టి టార్చి వేస్తే ఆ పళ్ల వెనక భాగం కనిపిస్తుంది. తీగ అంచున పసుపుపచ్చని గట్టి పొర కనిపించినా, దారం అంతకుముందు దూరిన చోట ఇప్పుడు అడ్డుపడుతున్నా క్లీనింగ్‌కు రోజు ఖాయం చేసుకోండి.